సంచిలో తగ్గిన బరువు ఎక్కడికి పోతుంది?

ఒంటరిగా కొండదారులు నడిచేవారు తమ ఇంటిని తమ వీపు మీదే మోసుకుపోతారు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిచేటప్పుడు గుడారం గుడ్డ ఒకరి సంచిలోకి, కర్రలూ మేకులూ మరొకరి సంచిలోకి, వంట సామగ్రి ఇంకొకరి సంచిలోకి చేరి బరువు పంపకమవుతుంది గాని, ఒంటరి నడకలో పంచుకోవడానికి రెండో వీపు ఉండదు. అందుకే ప్రతి వస్తువునూ గ్రాముల్లో తూచి చూసుకునే అలవాటు ఒంటరి యాత్రికుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తూకంలో మొదట లెక్కకు వచ్చే వాటిలో గుడారం ఒకటి. ఇద్దరు పట్టే మామూలు గుడారం రెండు నుంచి మూడు కిలోల దాకా తూగుతుంటే, అల్ట్రాలైట్ అని పేరుపడిన ఒంటరి గుడారాలు కిలోకు అటూఇటూగా, కొన్నయితే అరకిలో లోపే ఉంటాయి.

అల్ట్రాలైట్ అనే మాటకు నడకదారుల వాడుకలో స్థిరపడిన లెక్క ఒకటి ఉంది. తినే తిండి, తాగే నీరు, పొయ్యిలో కాల్చే ఇంధనం వంటి ఖర్చయిపోయే వాటిని మినహాయించి, సంచితో సహా మిగిలిన సామానంతటి బరువును మూల బరువు అంటారు. ఆ మూల బరువు 10 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు దాటకపోతే ఆ ప్రయాణాన్ని అల్ట్రాలైట్ ప్రయాణంగా లెక్కిస్తారు. సంచి, పడక, గుడారం అనే మూడే ఈ మూల బరువులో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తాయి కాబట్టి, రెండు కిలోల గుడారాన్ని ఎంచుకున్నవారికి మిగతా సామానంతటికీ రెండున్నర కిలోలే మిగులుతాయి. గుడారం బరువును కిలోకు దించితే కలిగే ఊరట ఇంతటిదని ఈ లెక్కే చెబుతుంది.

అయితే గుడారం చేయవలసిన పని మాత్రం దాని బరువుతో పాటు తగ్గదు. వానను ఆపడం, గాలిని తట్టుకోవడం, దోమనూ జలగనూ బయట ఉంచడం, మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత చోటివ్వడం అనే నాలుగు బాధ్యతలూ మూడు కిలోల గుడారానికి ఎంతో అరకిలో గుడారానికీ అంతే. కాబట్టి సంచిలోంచి తీసేసిన ప్రతి వంద గ్రాములూ మరో రూపంలో ఎక్కడో తేలక తప్పదు. కొంత డబ్బుగా మారి కొనేవారి జేబు మీదికి, కొంత ఇరుకుగా మారి లోపలి చోటు మీదికి, కొంత సుకుమారంగా మారి గుడ్డ ఆయుష్షు మీదికి, మిగిలినది నేర్పుగా మారి గుడారం వేసే మనిషి మీదికి చేరుతుంది. గుడారాన్ని ఎంచుకోవడమంటే ఈ నాలుగింటిలో దేన్ని ఎంత భరించగలమో తేల్చుకోవడమే.

ఐస్ గొడ్డలి నుంచి తెరచాప దాకా

గుడారాన్ని మోసే కర్రకు వేరే పని కూడా ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 1895లో నంగా పర్బత్ మీద ప్రాణాలు కోల్పోయిన బ్రిటిష్ పర్వతారోహకుడు ఆల్బర్ట్ మమ్మరీ పేరుతో ప్రసిద్ధమైన చిన్న గుడారానికి విడిగా కర్రలు ఉండేవి కావు, మంచు కొండలు ఎక్కడానికి చేత పట్టుకునే ఐస్ గొడ్డళ్లనే నిలువు స్తంభాలుగా నిలబెట్టి గుడ్డను కట్టేవారు. నేడు ట్రెకింగ్ కర్రల మీద నిలిచే గుడారాల వెనుక ఉన్న సూత్రం ఇదే: నడకలో చేతికి ఊతమైన కర్ర రాత్రికి ఇంటి స్తంభమైతే, స్తంభం బరువు విడిగా మోయవలసిన పని ఉండదు.

ఒంటరి నడకలో తేలిక బరువు ఎంతటి శక్తినిస్తుందో 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల పెద్దావిడ చూపింది. మూడు వేల కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ ట్రెయిల్‌ను ఆమె ఒంటరిగా ఒకే విడతలో పూర్తిచేసింది. ఆమె భుజాన వేసుకున్నది ఇంట్లో కుట్టుకున్న గుడ్డ సంచి, వాన నుంచి కాపాడుకోవడానికి వెంట తీసుకువెళ్లింది స్నానాల గదిలో వేలాడదీసే ప్లాస్టిక్ తెర. ఆ తరువాత ఈ పద్ధతికి శాస్త్రబద్ధమైన రూపమిచ్చినవాడు రే జార్డిన్. పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అనే నాలుగు వేల కిలోమీటర్లు దాటిన దారిని నడిచిన అనుభవంతో ఆయన 1992లో వెలువరించిన చేతిపుస్తకం సామాను తగ్గింపును ఒక సిద్ధాంతంగా పాఠకుల ముందు పెట్టింది.

అదే 1992లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందెంలో గెలిచిన అమెరికా క్యూబ్డ్ జట్టు కోసం తయారైన కొత్త రకం తెరచాప గుడ్డ, జట్టు పేరు మీదుగా క్యూబెన్ ఫైబర్ అనిపించుకుని, కొన్నేళ్లకు గుడారాలు కుట్టేవారి చేతికి చిక్కింది. దీన్ని తయారుచేసే సంస్థ 2015లో, అప్పట్లో డైనీమా అనే నారను ఉత్పత్తి చేస్తుండిన డీఎస్ఎం కంపెనీ చేతికి వెళ్లాక, ఆ గుడ్డకు డైనీమా కాంపోజిట్ ఫ్యాబ్రిక్ అనే పేరు స్థిరపడింది. అరకిలో లోపు గుడారాల్లో చాలావాటిని సాధ్యం చేసింది ఈ గుడ్డే.

బరువు అంకెను చదివే తీరు

గుడారం వివరాల్లో సాధారణంగా రెండు బరువులు కనిపిస్తాయి. లోపలి గది, పై కప్పు, కర్రలు అనే మూడింటి మొత్తం కనీస బరువు, వాటికి మేకులు, లాగుడు తాళ్లు, చుట్టిపెట్టే సంచులు కూడా చేర్చినది పూర్తి బరువు. రెండింటి మధ్య నూటయాభై గ్రాముల తేడా మామూలే గనుక, ఒక గుడారం కనీస బరువును మరో గుడారం పూర్తి బరువుతో పోల్చితే తప్పుడు తీర్పు వస్తుంది. ట్రెకింగ్ కర్రల మీద నిలిచే గుడారాల బరువులో ఆ కర్రలు ఎప్పుడూ కలవవు. నడకలో కర్రలు వాడే అలవాటు ఉన్నవారికి అది నిజమైన ఆదా గాని, ఆ అలవాటు లేనివారు గుడారం కోసమే కర్రలు కొని మోయవలసి వస్తే లెక్క తిరగబడుతుంది.

మేకుల లెక్క కూడా విడిగా చూసుకోవాలి. సన్నని టైటానియం కొక్కెం మేకు ఆరేడు గ్రాములుంటే, గట్టి నేలలో దిగే వై ఆకారపు అల్యూమినియం మేకు పది నుంచి పదిహేను గ్రాములు తూగుతుంది. ఎనిమిది మేకులు అవసరమయ్యే గుడారానికి అవి లేకుండా బరువు చెబితే, వంద గ్రాముల దాకా ఆ అంకెలోకి రాకుండా మిగిలిపోయినట్టే. కొందరు తయారీదారులు మేకులను గుడారంతో పాటు ఇవ్వరు, మరికొందరు కుట్ల మీద నీరు కారకుండా పూయవలసిన సిలికోన్ జిగురును కొనేవారికే వదిలేస్తారు. ఇంటి దగ్గర తక్కెడ మీద, వెంట తీసుకుపోయే ప్రతిదానితో సహా తూచిన బరువే నమ్మదగిన బరువు.

గుడ్డ: డెనియర్, పూత, నీటి స్తంభం

గుడారపు గుడ్డల వివరాల్లో తరచుగా కనిపించే డెనియర్ అనే మాట ధర్మవరం, పోచంపల్లి వంటి చోట్ల పట్టు నేసేవారికి కొత్తది కాదు. తొమ్మిది వేల మీటర్ల పొడవున్న దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. చీరల మగ్గాలకు వచ్చే ముడి పట్టులో 20–22 డెనియర్ రకం ప్రసిద్ధమైనది, అల్ట్రాలైట్ గుడారాల గుడ్డ కూడా 10 నుంచి 20 డెనియర్ల దారంతోనే తయారవుతుంది. అంటే వానకూ గాలికీ ఎదురొడ్డి నిలవవలసిన గోడ దారం పట్టుపోగంత సన్నగా ఉంటుందన్నమాట. డెనియర్ పెరిగినకొద్దీ గుడ్డ చిరుగుకు తట్టుకునే శక్తీ, బరువూ రెండూ పెరుగుతాయి. లోపలి నేలకు పై కప్పుకన్నా ఎక్కువ డెనియర్ గుడ్డ వాడే గుడారాలు ఉండటానికి కారణం, రాళ్ల మీద, ముళ్ల మీద రాపిడి పడేది నేలే కావడం.

దారం రకాన్ని బట్టి మూడు గుడ్డలు ప్రధానమైనవి. నైలాన్ గుడ్డకు రెండు వైపులా సిలికోన్ పట్టించగా వచ్చేది సిల్‌నైలాన్. ఇది సాగే గుణం వల్ల చిరుగుకు బాగా తట్టుకుంటుంది గాని, నైలాన్ నీటిని పీల్చుకునే దారం కావడంతో వానలో తడిసినప్పుడు కొద్దిగా పొడవు పెరిగి, సాయంత్రం బిగువుగా కట్టిన గుడారం అర్ధరాత్రికి వదులై గాలికి కొట్టుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు లేచి తాళ్లు మళ్లీ బిగించక తప్పదు. మామూలు గాలిలోని తేమ నుంచి నైలాన్ తన బరువులో సుమారు నాలుగు శాతం పీల్చుకుంటే పాలిస్టర్ అర శాతం కన్నా తక్కువే పీల్చుకుంటుంది కాబట్టి, పాలిస్టర్‌కు సిలికోన్ పట్టించిన సిల్‌పాలీ గుడారాలు రాత్రంతా ఒకే బిగువుతో నిలుస్తాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కూడా కొంత మెరుగ్గా తట్టుకుంటాయి. అదే మందంలో నైలాన్‌కున్నంత చిరుగు బలం పాలిస్టర్‌కు లేకపోవడం దాని లోపం.

మూడోదైన డైనీమా కాంపోజిట్ నేసిన గుడ్డ కాదు. అతి సన్నని పాలిథిలిన్ నారలను పేర్చి, రెండు పాలిస్టర్ పొరల మధ్య అతికించగా వచ్చిన రేకు వంటిది. గుడారాలకు వాడే రకం చదరపు మీటరుకు 18 గ్రాములకు అటూఇటూగా ఉంటే, సిలికోన్ పట్టించిన 15 డెనియర్ నైలాన్ 45 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిది చదరపు మీటర్ల పై కప్పును ఊహించుకుంటే ఒకటి 145 గ్రాములు, మరొకటి 360 గ్రాములు అవుతాయి, ఒక్క కప్పులోనే రెండు వందల గ్రాములకు పైగా తేడా. డైనీమా గుడ్డ నీటిని పీల్చదు, సాగదు, చిరిగితే అంటించే పట్టీతో నిమిషంలో అతుకు వేయవచ్చు. అయితే సూదిమొన రాయి గుచ్చుకుంటే రంధ్రం పడే గుణం, ఒకే మడత మీద మళ్లీ మళ్లీ మడిస్తే పొరలు బలహీనపడే గుణం, ముడుచుకున్నప్పుడు సంచిలో ఎక్కువ చోటు ఆక్రమించే గుణం దానికి ఉన్నాయి. అన్నిటికీ మించి అదే కొలతల సిల్‌పాలీ గుడారానికి రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి ధర పలుకుతుంది.

గుడ్డ నీటిని ఆపే శక్తిని నీటి స్తంభంతో కొలుస్తారు. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీరు పోస్తూ పోతే, ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు దాకా నీరు కిందికి దిగకుండా ఆగిందో ఆ ఎత్తే ఆ గుడ్డ సామర్థ్యం. పై కప్పుకు 1,200 నుంచి 2,000 మిల్లీమీటర్లు వానను ఆపడానికి సాధారణంగా సరిపోతాయి. నేల సంగతి వేరు: 70 కిలోల మనిషి తడి నేల మీద మోకాళ్లూని కూర్చున్నప్పుడు ఆ బరువంతా నూటయాభై చదరపు సెంటీమీటర్ల మీద పడిందనుకుంటే, అక్కడ కలిగే ఒత్తిడి నాలుగున్నర వేల మిల్లీమీటర్ల నీటి స్తంభానికి సమానమవుతుంది. తక్కువ సామర్థ్యం గల నేల గుడ్డలోంచి మోకాలి కింద చెమ్మ ఊరడానికి కారణం ఇదే, మోకాళ్ల కిందికి పడక పరుపును జరుపుకుంటే ఒత్తిడి పంపకమై చెమ్మ ఆగిపోతుంది.

నిలబెట్టే తీరు, గాలి దెబ్బ

సొంత కర్రల చట్రం మీద, మేకులు లేకున్నా ఆకారం నిలుపుకునే గుడారాలను స్వయంస్థిత గుడారాలు అనవచ్చు. బండ మీద, ఇసుకలో, చెక్క వేదిక మీద కూడా ఇవి నిలబడతాయి, నచ్చని చోటు నుంచి ఎత్తి మరో చోటికి జరుపుకోవచ్చు. ట్రెకింగ్ కర్ర మీద ఆధారపడే గుడారం మాత్రం మేకుల బిగువు వల్లనే గుడారమవుతుంది, బిగువు లేనప్పుడు అది వట్టి గుడ్డ. కర్రల చట్రం లేకపోవడం వల్ల మూడు నాలుగు వందల గ్రాములు తగ్గుతాయి గాని, మేకు దిగని నేల మీద రాళ్లు వెతికి తెచ్చి తాళ్లు కట్టే పని, నాలుగు మూలలూ సరైన కోణంలో వచ్చేలా కొలత తప్పకుండా పరిచే పని యాత్రికుల మీద పడతాయి. సంచిలోంచి తీసిన బరువు నేర్పుగా మారడమంటే ఇదే.

మార్కెట్‌లోని కొన్ని గుడారాలను పక్కపక్కన పెడితే ఈ మార్పిడి స్పష్టమవుతుంది. అమెరికాలోని జెడ్‌ప్యాక్స్ తయారుచేసే ప్లెక్స్ సోలో ఒక కర్ర మీద నిలిచే డైనీమా గుడారం, బరువు సుమారు 400 గ్రాములు. సిక్స్ మూన్ డిజైన్స్ వారి లూనార్ సోలో కూడా ఒక కర్ర గుడారమే గాని, సిల్‌పాలీతో కుట్టినది కావడంతో 740 గ్రాముల దాకా ఉండి ధర సగం లోపే ఉంటుంది. కెనడాకు చెందిన డాన్ డర్‌స్టన్ రూపొందించిన ఎక్స్-మిడ్ 1 రెండు కర్రల మీద, నాలుగు మూలల మేకులతో నిలిచే రెండు పొరల పాలిస్టర్ గుడారం, దాని బరువు సుమారు 800 గ్రాములు. బిగ్ ఆగ్నెస్ వారి కాపర్ స్పర్ ఒంటరి రకం సొంత అల్యూమినియం కర్రలతో కిలోకు చేరువలో ఉంటుంది. నాలుగు వందల నుంచి వెయ్యి గ్రాముల దాకా సాగిన ఈ వరుసలో ప్రతి మెట్టు దగ్గరా కొనేవారు దేన్నో ఇచ్చి దేన్నో పుచ్చుకుంటున్నారు.

గాలి విషయంలో గుర్తుంచుకోవలసిన భౌతిక సూత్రం ఒకటుంది: గాలి వేగం రెట్టింపైతే గోడ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు ఆరు కిలోల బరువుతో నెడితే, 72 కిలోమీటర్ల గాలి పాతిక కిలోలతో నెడుతుంది. ఈ తోపును తగ్గించే మార్గం గోడను వాలుగా, ఎత్తును తక్కువగా ఉంచడం. అయితే గోడ వాలినకొద్దీ లోపల తల ఎత్తి కూర్చునే చోటు తగ్గుతుంది. ఒంటరి మనిషి గాలిలో గుడారం వేయవలసి వస్తే గాలి వచ్చే వైపు మూలలను ముందుగా నేలకు బిగించి, ఆ తరువాతే కర్ర నిలబెట్టడం ఉత్తమం. రెండో జత చేతులు లేని చోట గుడ్డ ఎగిరిపోకుండా పట్టుకునేది ఆ రెండు మేకులే.

లోపలి వాన

తేలిక గుడారాల మీద వినవచ్చే ఫిర్యాదుల్లో ముఖ్యమైనది కురిసే వానది కాదు, లోపల పుట్టే నీటిది. మనిషి శరీరం నుంచి ఊపిరి ద్వారా, కనిపించని చెమట ద్వారా రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా వెలువడుతుంది. తొమ్మిది పది గంటల రాత్రికి అది పావు లీటరు దాటుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి గుడారం గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వెదజల్లి చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. ఆవిరితో నిండిన లోపలి గాలి ఆ చల్లని గుడ్డను తాకినప్పుడు, చన్నీళ్ల చెంబు బయట చెమ్మ పట్టినట్టే, గుడ్డ లోపలి వైపు నీటి బిందువులు పేరుకుంటాయి. తెల్లవారుజామున తల తగిలినా, గాలికి గుడ్డ అదిరినా ఆ బిందువులన్నీ పడక మీద రాలుతాయి.

ఒకే గోడ గల గుడారాల్లో ఆ తడి గుడ్డే మనిషి పక్కనున్న గోడ. రెండు గోడల గుడారాల్లో మనిషికీ పై కప్పుకూ మధ్య దోమతెర వంటి లోపలి గది ఉండటం వల్ల పై కప్పుకు పట్టిన చెమ్మ తగలకుండా ఉంటుంది, ఆ రెండో గోడకు ధర రెండు మూడు వందల గ్రాములు. నీటి ఆవిరి పుట్టడాన్ని ఏ గుడారమూ ఆపలేదు గాని, గాలి కింది నుంచి దూరి పై నుంచి పోయేలా కిటికీలుంటే చాలా భాగం బయటికి వెళుతుంది. చోటు ఎంపిక అంతకన్నా పెద్ద మందు. చల్లని గాలి బరువైనది కాబట్టి రాత్రివేళ లోయ అడుగుకు, వాగు ఒడ్డుకు జారి చేరుతుంది. అక్కడి నుంచి కొంత పైకి వెళ్లి, ఎండు కొమ్మలు లేని చెట్ల నీడన వేసుకున్న గుడారానికి చెమ్మ బాగా తగ్గుతుంది.

మనిషి కొలత, నేల కొలత

ఒకరు పట్టే గుడారం అన్న మాట అందరికీ ఒకే కొలత కాదు. ఐదడుగుల పది అంగుళాల మనిషి పడక సంచిలో దూరాక, తలగడ వైపు, పాదాల వైపు ఆ సంచి ఉబ్బును కలుపుకుంటే 200 సెంటీమీటర్లకు చేరువవుతాడు. దానికి తోడు పరుపు అతన్ని నేల నుంచి ఏడెనిమిది సెంటీమీటర్లు పైకి లేపుతుంది, అంత ఎత్తున వాలు గోడల మధ్య దూరం నేల మీద ఉన్నంత ఉండదు. నేల పొడవు 220 సెంటీమీటర్లని రాసి ఉన్నా, పాదాల దగ్గర గోడ తాకి పడక తడవడానికి కారణం ఇదే. పొడవాటివారు నేల పొడవుతో పాటు రెండు కొసల్లోని గోడల వాలును చూడాలి, కూర్చున్నప్పుడు తల ఎత్తును కొలుచుకుని మధ్య ఎత్తుతో పోల్చుకోవాలి.

గుమ్మం ముందు పై కప్పు చాచిన చోటును ఇంటి వసారాతో పోల్చవచ్చు. తడిసిన బూట్లు, బురద సంచి ఉండవలసింది అక్కడ. వసారా లేని గుడారంలో ఇవన్నీ పడకలో భాగం పంచుకుంటాయి. ఆ వసారాలో గ్యాస్ పొయ్యి వెలిగించాలన్న ఆలోచనకు మాత్రం చోటివ్వకూడదు. మూసి ఉన్న గుడారంలో పొయ్యి మండితే వాసన గాని రంగు గాని లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని నిద్రలోనే ప్రాణం తీయగలదు. పైగా ఈ గుడ్డలన్నీ కరిగేవే, డైనీమా నార 150 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే కరుగుతుంది.

ఏ నేలకు ఏ గుడారం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, శీతాకాలపు రాత్రులు గడిపినవారికి పొగమంచులో నిలిచిన గుడారం తెల్లారేసరికి ఎంత తడుస్తుందో తెలిసిన సంగతే. అక్కడి శత్రువు గాలి కాదు, చెమ్మ. తేమ నిండిన తూర్పు కనుమల శీతాకాలానికి రెండు గోడల గుడారం గాని, గాలి బాగా ఆడే ఎత్తైన గుడారం గాని సరిపోతుంది. వానాకాలంలో పడమటి కనుమలకు వెళ్లేవారికి జలగల బెడద ఉంటుంది కాబట్టి అంచులు తొట్టిలా పైకి లేచిన నేలా, నేలతో కలిపి కుట్టిన దోమతెరా తప్పనిసరి. నేల లేని వట్టి పైగుడ్డ ఎంత తేలికైనా ఆ అడవికి పనికిరాదు, తేలూ పామూ తిరిగే దక్కను రాతి నేలల విషయంలోనూ అంతే.

లదాఖ్ పరిస్థితి పూర్తిగా వేరు. లేహ్ పట్టణమే మూడున్నర వేల మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ వాన తక్కువ, గాలి ఎక్కువ, నేల రాతిమయం. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది కాబట్టి, పగలంతా వేసి ఉంచిన నైలాన్ గుడ్డ అక్కడ త్వరగా బలహీనపడుతుంది. మేకు దిగని చోట తాడు కొసను చిన్న రాయికి కట్టి, దాని ముందు పెద్ద రాయిని అడ్డంగా పెట్టే పద్ధతి తెలిస్తే కర్ర గుడారమైనా నిలుస్తుంది, తెలియనివారికి స్వయంస్థిత గుడారమే క్షేమం. మంచు బరువు మోయవలసిన శీతాకాలపు హిమాలయాలకు మాత్రం, మంచు పడని మూడు రుతువుల కోసం చేసిన ఈ గుడారాలేవీ తగినవి కావు. అక్కడ బలమైన చట్రం కోసం మోసే అదనపు కిలో ప్రాణానికి పెట్టుబడి.

గుడారం ఎంత మంచిదైనా వేయడానికి అనుమతి ఉన్న చోటుండాలి. పులుల అభయారణ్యాల్లో, రక్షిత అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి బస చేయడం నేరం. ఉత్తరాఖండ్‌లోని బుగ్యాల్ అనే ఎత్తైన పచ్చిక మైదానాల్లో రాత్రి బసను 2018లో అక్కడి హైకోర్టు నిషేధించింది. విమానంలో వెళ్లేవారు ట్రెకింగ్ కర్రలను, మేకులను చేతి సంచిలో కాకుండా విమాన సంస్థకు అప్పగించే సామానులో వేసుకోవాలి, గ్యాస్ డబ్బాను మాత్రం రెండింటిలోనూ అనుమతించరు గనుక చేరిన ఊళ్లోనే కొనుక్కోవాలి.

కొన్న తరువాత

తేలిక గుడారం మన్నిక సగం గుడ్డది, సగం వాడేవారిది. వేసే ముందు నేలను అరచేతితో తడిమి ముళ్లూ రాళ్లూ ఏరివేయడం, సన్నని ప్లాస్టిక్ పొరను అడుగున పరవడం, ఎండ ముదరకముందే గుడారం విప్పడం, ఇల్లు చేరగానే నీడన పూర్తిగా ఆరబెట్టి వదులుగా పెట్టడం వంటి చిన్న అలవాట్లతో పదిహేను డెనియర్ల గుడ్డ కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. తడిగా చుట్టి మూలన పడేస్తే బూజు పట్టి, పూత జిగటగా మారి, ఒక్క వానాకాలానికే పాడైపోతుంది. అతుకు పట్టీలు రెండు, సూది దారం, కర్ర విరిగితే పైన తొడిగే చిన్న అల్యూమినియం గొట్టం కలిపి యాభై గ్రాములు మించవు. ఒంటరి నడకలో ఆ యాభై గ్రాములను తగ్గించాలనుకోవడం తెలివి కాదు.

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే, మొదటిసారి కొనేవారికి ఐదు వందల గ్రాముల డైనీమా గుడారం కన్నా ఎనిమిది వందల నుంచి వెయ్యి గ్రాముల మధ్యనున్న, రెండు గోడల, పాలిస్టర్ గుడారం మేలైన ఎంపిక. ధర అందుబాటులో ఉంటుంది, చెమ్మను క్షమిస్తుంది, రాత్రి వదులు కాదు, చేసిన పొరపాటుకు వెంటనే శిక్ష వేయదు. అంతకన్నా తేలికైన దాన్ని కొనడానికి అర్హత డబ్బు కాదు, కొన్ని తడి రాత్రులూ కొన్ని గాలి రాత్రులూ నేర్పిన పనితనం. ఏ గుడారం కొన్నా దాని మొదటి రాత్రి కొండ మీద కాకూడదు. ఇంటి డాబా మీదనో పెరట్లోనో, చీకట్లో, ఒక్కరే, తలకు కట్టుకున్న దీపం వెలుగులో పది నిమిషాల్లో వేయగలిగేదాకా సాధన చేశాకే దాన్ని సంచిలో సర్దాలి.